మూడు షిఫ్టుల మాట

నూకరాజు ఒక చెవిలోనే దూది పెట్టుకుంటాడు. ఎడమ చెవిలో.

రైల్ మిల్లులో పనిచేసినవాళ్ళంతా రెండు చెవుల్లోనూ కుక్కుకునేవాళ్ళు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మ రోలర్ల మధ్యకి దూరి రైలు పట్టాగా సాగుతున్నప్పుడు వచ్చే చప్పుడికి మనిషి తన పేరు తనే మర్చిపోతాడు. అలాంటి చోట నూకరాజు కుడి చెవిని ఖాళీగా ఉంచుకుని నౌకరీ అంతా చేశాడు. ఎందుకని ఫోర్‌మన్ అడిగితే, "రెండూ మూసీసుకుంతే కబుర్లెలాగ ఇనబడతాయి సాబ్?" అన్నాడట. రిటైరై పదేళ్ళు దాటింది, ఆ దూది ఉండ మాత్రం ఇంకా అక్కడే ఉంది. చలిగాలి పడదంటాడు. మే నెల ఎండలో భిలాయ్‌లో చలిగాలి ఎక్కడ దొరికిందో కాస్త తనకీ చూపించమని ఆయన భార్య పోలమ్మ అడుగుతుంది.

ఖాళీగా వదిలిన ఆ కుడి చెవిలోంచే ప్రపంచమంతా ఆయన లోపలికి వెళ్ళింది. పొద్దున్నే మా పేట క్యాంప్ వన్‌లో చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాడంటే ఏ దేశం ఏ దేశానికి నూనె అమ్మడం మానేసిందో, ఎవరి ఓడ ఎవరి సముద్రంలో ఆగిపోయిందో, ఏ రాజు ఏ రాజుతో మాటలు మానేశాడో అన్నీ తేలిపోతాయి.

"ఆ రెండు దేశాలకీ రాజీ నువ్వే కుదిర్చావంట కదా భయ్యా?" అంటాడు చాయ్ బండివాడు.

"నాను కాదురా, ఆలే కుదుర్సుకున్నారు. నాను సెప్పినట్టుగానే" అని గ్లాసు అందుకుంటాడు నూకరాజు.

అందుకే ఆయన్ని విదేశాంగ మంత్రి అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయన దాన్ని బిరుదు కింద తీసుకున్నాడు.

ఆ పదవి ఊరికే రాలేదు. దాని వెనక ఒక కథ ఉంది. మా వీధి పిల్లలకి ఎక్కాలకంటే ముందు ఆ కథ వస్తుంది.

తొంభై ఒకటో సంవత్సరం, ఎండాకాలం. అప్పటికింకా మిల్లులో రష్యా ఇంజనీర్లు ఉండేవాళ్ళు. ఉక్కు ప్లాంటు కట్టిందే వాళ్ళ సాయంతో కాబట్టి మాకు రష్యావాడంటే వింత లేదు. బజార్లో మన పక్కనే నిలబడి టమాటాలు ఏరుకునేవాడు. వాళ్ళలో కోల్యా సాబ్ అని ఒకాయన నూకరాజు సెక్షన్‌లోనే ఉండేవాడు. ఒకరోజు ఆయన పవర్‌హౌస్ బజార్లో ఒకేసారి ఆరు ప్రెషర్ కుక్కర్లు కొన్నాడు. వాటిని సైకిల్‌కి కట్టి ఆయన ఇంటిదాకా చేర్చింది నూకరాజు. దింపాక కోల్యా సాబ్ గుమ్మంలో నిలబడి, ఆకాశంకేసి చూసి, పెద్ద నిట్టూర్పు విడిచి, "నూకరాజ్, మా దేశం ఇంక ముక్కలైపోతుంది, ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ నిజంగానే ముక్కలైంది. ఢిల్లీకి తెలియకముందే భిలాయ్‌కి తెలుసు. భిలాయ్‌లో అందరికంటే ముందు క్యాంప్ వన్‌కి తెలుసు.

ఇదీ కథ. ఎవరికి చెప్పినా "ఎవరికీ చెప్పకు" అన్న ముక్క మాత్రం నూకరాజు వదిలిపెట్టడు.

ఎవరైనా అనుమానంగా చూస్తే ఆయన దగ్గర రుజువు కూడా ఉంది. మిల్లులో ఒక పద్ధతి ఉండేది. రోలర్ దగ్గర ఏదో కొత్త చప్పుడు వస్తోందని ఫస్ట్ షిఫ్టువాడు చెప్తే ఎవరూ పట్టించుకోరు, నిద్రమొహం అంటారు. సెకండ్ షిఫ్టువాడు కూడా చెప్తే తలతిప్పి చూస్తారు. నైట్ షిఫ్టువాడు కూడా అదే చప్పుడు విన్నానంటే ఇంక మాటల్లేవు, మిల్లు ఆపి రోలర్ విప్పాల్సిందే. నూకరాజు ఈ పద్ధతిని రోలర్ల దగ్గర నేర్చుకుని రాజ్యాలకి వాడాడు.

కుక్కర్లు మోసిన వారం ఆయనది ఫస్ట్ షిఫ్టు. రెండ్రోజులు పోయాక ఆయన డ్యూటీ దిగుతుంటే, సెకండ్ షిఫ్టుకి వస్తున్న గణపతిరావు ఎదురయ్యాడు. క్రేన్ నడిపేవాడు, నూకరాజులాగే శ్రీకాకుళం వైపువాడు, వరసకి బావ.

"బావా, ఇన్నావేటి? రష్యా ముక్కలైపోతాదంట. నైట్ షిఫ్టోలు అంతన్నారు" అన్నాడు.

గణపతిరావుకి నూకరాజు అంతకుముందు ఒక్క ముక్క చెప్పలేదు. అది నిజం. అంటే సంగతి ఫస్ట్ షిఫ్టులో తనకి తెలుసు, నైట్ షిఫ్టుకి తెలుసు, సెకండ్ షిఫ్టుకీ తెలుసు. మూడు షిఫ్టులూ ఒకే మాట అన్నాక ఇంకేం కావాలి? ముప్ఫై ఏళ్ళపాటు ఎవరికీ ఏమీ అక్కర్లేకపోయింది. మణిమాల ఎం.ఏ.లో చేరేదాకా.

మణిమాల నూకరాజు అన్నగారి మనవరాలు. సెక్టర్ టూలో ప్లాంటు క్వార్టర్లో ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి మాట తెలుగులో ఎక్కి హిందీలో దిగుతుంది. చదువుతున్నది రాజకీయాలు, దేశాల మధ్య సంబంధాలు. ఆఖరి ఏడాది ఒక పరిశోధన రాసివ్వాలి. సోవియట్ యూనియన్ పోయినప్పుడు భిలాయ్‌కి ఏమైందన్నది ఈ పిల్ల తీసుకున్న విషయం.

ఆధారాల కోసం పాపం చాలా తిరిగింది. లైబ్రరీలో రష్యా పుస్తకాల బీరువా ఉంది, దాని తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే భిలాయ్ గురించి ఒకే పేరా పదిచోట్ల కనిపించింది. మొదట సంబరపడింది. తర్వాత చూస్తే ఒకడు రాసింది మిగతావాళ్ళంతా ఎత్తుకుని అతికించారు. ఢిల్లీలో ఒక పెద్ద సంస్థకి మెయిల్ పెడితే, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. ఆ ధన్యవాదాలని ఏ పేజీలో పెట్టుకోవాలో తెలియక కూర్చుంటే, అప్పుడు గుర్తొచ్చాడు చిన్నతాత.

ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి మంచం మీద ఎదురుగా కూర్చుంది.

"చిన్నతాతా, కోల్యా సాబ్ ఆ మాట ఏ భాషలో అన్నారు?"

"రష్యా బాసలోనే."

"మీకు రష్యన్ ఆతా హై క్యా?"

"ఎందుకు రాదే? దా అంతే ఔను, నియెత్ అంతే కాదు, స్పసీబా అంతే దండవు."

"ఈ మూడు మాటల్తో దేశం ముక్కలైపోతుందని ఎలా చెప్పారు తాతా?"

"కళ్ళతో సెప్పినాడే గుంటా. అంత పెద్ద ఇసయాలు నోటితో సెప్తారేటి ఎవులైనా?"

"అంటే నోటితో ఏమీ అనలేదా?"

నూకరాజు కాసేపు పైకప్పు చూశాడు. "నిట్టూర్సినాడు. గట్టిగా."

వంటింట్లోంచి పోలమ్మ అందుకుంది. "ఆరు కుక్కర్లు మోసినందుకు మీ తాతకి ఒక్క ఈలైనా ఇవ్వనేదమ్మా ఆ మారాజు. అదీ రాసుకో. అది పక్కా."

"నువ్వూరుకోయే. ఇది అంతర్జాతీయం" అన్నాడు నూకరాజు.

అలా పావుగంటలో కోల్యా సాబ్ మాట కాస్తా నిట్టూర్పుగా తగ్గిపోయింది. కుక్కర్లు మాత్రం ఆరుకి ఆరూ నిలబడ్డాయి. అయినా మూడు షిఫ్టుల రుజువు ఉంది కదా. మణిమాల అదంతా రాసుకుని, కింద చిన్నక్షరాల్లో పైల నూకరాజు, రైల్ మిల్లు అని పెట్టి, కాలేజీలో తన పని చూసే ఛాయ మేడమ్‌కి ఇచ్చింది.

ఆ సాయంత్రం నుంచి నూకరాజుని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. "మా మనవరాలు రాసే పుస్తకంలో నా పేరెడతన్నాది. ఇంటిపేరుతో సహా" అని చాయ్ బండి దగ్గర చెప్పాడు, రేషన్ దుకాణంలో చెప్పాడు, గుడిలో పూజారి అర్చనకి పేరడిగితే అప్పుడూ చెప్పాడు. ఫోటో అడిగితే ఉండాలని తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి చిలక్కొయ్యకి తగిలించుకున్నాడు. ఫోటో ఎవరూ అడగలేదు. ఆ మనిషి ముప్ఫై ఏళ్ళు మిల్లులో సాగదీసిన పట్టాల మీద ఆయన పేరు లేదు, ఇంటి పట్టా మీద ఉన్నది వాళ్ళ నాన్న పేరు. అచ్చులో తన పేరు చూసుకోవడమన్నది ఆయనకి ఇదే మొదలు. అందుకే మేము ఎంత నవ్వినా, లోపల మాత్రం అది రావాలనే ఉండేది.

వారం తిరక్కుండా మణిమాల మొహం వేలాడేసుకుని వచ్చింది.

"తాతా, మేడమ్ రెడ్ పెన్‌తో మొత్తం కొట్టేశారు. నిట్టూర్పు సబూత్ కాదంట, రుజువు కింద రాదంట."

"ఆవిడ ఆ నిట్టూర్పు ఇన్నాదేటి? నాను ఇన్నాను."

"అది కాదు తాతా. ఒక మాట దొరికితే మూడు అడగాలంట. ఎవరన్నారు, అతనికెలా తెలుసు, అతని దగ్గర వినకుండా ఇంకెవరికి తెలుసు. నైట్ షిఫ్టువాళ్ళకి మీరు చెప్పలేదు కదా, వాళ్ళకి ఇంకో రష్యన్ ఎవరైనా చెప్పి ఉంటే, అప్పుడు రెండు వేరేవేరే చోట్ల తెలిసినట్టు లెక్క. అప్పుడు ఉంచొచ్చు అన్నారు. నహీ తో ఆ భాగం మొత్తం తీసెయ్యాలి."

"తీసీడవంటే, పేరో?"

"పేరు కూడా పోతుంది తాతా. సోమవారం ఆఖరు."

నూకరాజు లేచి చెప్పులేసుకున్నాడు. "పద. గణపతి బావనడుగుదుము."

గణపతిరావు ఎక్కడికీ పోలేదు, చాయ్ బండి దగ్గరే ఉన్నాడు. అడగ్గానే చెప్పాడు. "బిసాహుగాడు సెప్పినాడు నాకు. ఫిట్టర్ బిసాహు. నాను సెకండ్ షిఫ్టు దిగుతన్నాను, ఆడు నైట్‌కి ఎక్కుతన్నాడు. గేటు కాడ సెప్పినాడు."

"ఆడికెవులు సెప్పినారు?"

"అది నాకేటి తెలుసు బావా? ఆడినే అడుగు. స్మృతి నగర్‌లో కొడుకింటికాడ ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయినాదంట, మనుషులు ఆనడం నేదంట పాపం."

నూకరాజు మణిమాల వైపు తిరిగి ధైర్యం చెప్పాడు. "నువ్వు బెంగెట్టుకోకు. నైట్ షిఫ్టులో రష్యావోలు టీలు తాగుతా ఆలతో కబుర్లాడీవోరు. ఎవుడో రష్యావోడే సెప్పుంటాడు. రాసిపెట్టుకో."

ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా చిలక్కొయ్య మీంచి దిగింది. మణిమాల స్కూటీ వెనక నూకరాజు, ఎండకి తల మీద తువ్వాలు, ఎడమ చెవిలో దూది. స్మృతి నగర్‌లో జరిగిందంతా తర్వాత మణిమాల నాకు చెప్పింది. బిసాహు హిందీలో ఛత్తీస్‌గఢీ కలిపి మాట్లాడాడు కాబట్టి నేను మన మాటల్లోకి తిప్పుకుని చెప్తున్నాను.

బిసాహు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూలర్ ముందు పడక్కుర్చీలో ఉన్నాడు. ముసలితనంలో ఎవరో వచ్చి పాత సంగతులు అడగడమే పెద్ద పండగ ఆయనకి. "బైఠో బేటీ, బైఠో" అని కూర్చోబెట్టి, అడిగీ అడగ్గానే ఎత్తుకున్నాడు. కోల్యా సాబ్ కుక్కర్లు కొన్నాడట. ఆరు కాదు, ట్రక్కు నిండా. ఇంటి ముందు దింపాక గోడకి తలానించి ఏడ్చాడట. దేశం పదిహేను ముక్కలవుతుందని వేళ్ళు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పాడట.

నూకరాజు మొహం వెలిగిపోయింది. మోచేత్తో మనవరాల్ని పొడిచి, రాసుకో అన్నట్టు సైగ చేశాడు.

"దాదాజీ, ఇదంతా మీకు ఎవరు చెప్పారు? ఎవరైనా రష్యన్ సాబా?" అడిగింది మణిమాల.

"రష్యన్ సాబ్‌లు నాతో ఎందుకు మాట్లాడతారు బేటీ? వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకి రాదు. పొద్దున నేను నైట్ షిఫ్టు దిగుతుంటే ఫస్ట్ షిఫ్టుకొచ్చిన తెలుగువాడొకడు చెప్పాడు. పేరు గుర్తు లేదు. బహుత్ గప్పీ ఆద్మీ థా. నోరు మూసేవాడు కాదు." బిసాహు కాస్త ఆగి, ఆనవాలు దొరికినట్టు చెయ్యెత్తాడు. "ఆఁ! ఒక చెవిలోనే దూది పెట్టుకునేవాడు."



మణిమాల తాత వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. నూకరాజు చెయ్యి మెల్లగా ఎడమ చెవి దాకా వెళ్ళింది. దూది ఉండ తీసి ఇస్త్రీ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నీతో ఇంకెవరో వచ్చినట్టున్నారు?" అన్నాడు బిసాహు.

"మా తాతగారు."

"ఆయన మాట్లాడరా?"

నూకరాజు మాట్లాడలేదు. పుట్టాక అదే మొదటిసారి అయ్యుంటుంది. వెళ్ళొస్తామని చెప్పి లేచాక వెనకనుంచి బిసాహు మెచ్చుకున్నాడట కూడా, "మీ తాతగారు చాలా నెమ్మదస్తుడు బేటీ" అని.

తిరుగుదారిలో స్కూటీ సుపేలా దాకా వచ్చింది. అక్కడ చెరుకురసం బండి కనిపిస్తే ఆపమన్నాడు నూకరాజు. సగం గ్లాసు తాగాక గొంతు సవరించుకున్నాడు.

"ఒక సెవిలో దూదెట్టుకునీవోలు మిల్లులో సానామంది ఉండీవోరు."

"అచ్ఛా. ఒక పేరు చెప్పండి తాతా."

మిగతా సగం గ్లాసూ అయిపోయింది. "సచ్చిపోనారందరూ" అన్నాడు.

మణిమాల నవ్వలేదు. "దాదాజీ చెప్పిన రికార్డింగ్‌లో మీ పేరు లేదు తాతా. మేడమ్‌కి మీ చెవి సంగతి తెలీదు. రేపు ఆవిడకి ఏం చెప్పమంటారు? మీరే చెప్పండి."

పిల్ల ఆ మాట మామూలుగానే అడిగింది. నూకరాజుకి మాత్రం అర్థమైంది. తను ఊరుకుంటే చాలు, కాగితం మీద ముగ్గురు మనుషులు, మూడు షిఫ్టులు, అడుగున తన పేరు. ఊరుకోవడమంటే ఎంతసేపు, ఇందాక ఒకసారి ఊరుకున్నాడు కూడా. ఎదురుగా చెరుకు గడ రెండు రోలర్ల మధ్యకి దూరి పిప్పిగా బయటికొస్తోంది. దానికేసి చూస్తూ నిలబడ్డాడు.

"రోలర్ కాడ సప్పుడొచ్చినప్పుడు," అన్నాడు చివరికి, "ముగ్గురువీ ఎవుల సెవులతో ఆలు ఇనీవోలం. ఆ సప్పుడు నానిన్నాను, బిసాహుగాడూ ఇన్నాడు, బావా ఇన్నాడు. అందుకే అది నిజవయ్యీది. మరిదేటి? నా నోటికాడ బయిలెల్లినాది. నైట్ షిఫ్టుకెల్లినాది. ఆడికాడ్నించి సెకండ్ షిఫ్టుకెల్లినాది. మల్లీ తిరిగొచ్చి నా సెవిలోనే పడినాది. నానేమో, ఓయబ్బ, మూడు షిఫ్టులూ సెప్పీసినాయి అనుకున్నాను. ఒక్కన్నే ముగ్గురైపోనానే గుంటా."

"తాతా..."

"తీసీ. పేరుతో సహా తీసీ. నీ సదువు మీద నా గప్పాలొద్దు."

అంతే. సోమవారం నుంచి నూకరాజు చాయ్ బండి దగ్గరికి రావడం మానేశాడు. మోకాలు నొప్పన్నాడు. మా వీధిలో మోకాలు నొప్పి ఎవరికి ఎందుకొస్తుందో అందరికీ తెలుసు. స్మృతి నగర్ సంగతి వీధిలోకి ఎలా వచ్చిందని మాత్రం నన్ను అడక్కండి. "మంత్రిగారు రాజీనామా ఇచ్చారు" అని చాయ్ బండివాడు ప్రకటించాడు. గణపతిరావు రెండుసార్లు గుమ్మందాకా వచ్చి, "బావా, అక్కడేదో గొడవలు మొదలైనాయంట, నువ్వొచ్చి సెప్తే బాగుండును" అని పిలిచి చూశాడు.

అందరికంటే కష్టం పోలమ్మకొచ్చింది. ఆ మనిషి రోజంతా ఇంట్లోనే. పోపు మాడుతోందంటాడు, బియ్యం రెండోసారి కడిగావా అంటాడు. ప్రపంచమంతా తిరగాల్సిన బుర్ర వంటింట్లో తిరగడం మొదలుపెట్టింది. నాలుగో రోజు పోలమ్మ మణిమాలకి ఫోన్ చేసింది.

"ఒలమ్మా, మీ తాత పేరు ఆ పుస్తకంలో ఎట్టు, నేపోతే మీ తాతనే ఆ పుస్తకంలో ఎట్టీసి తీసుకుపో. నావల్ల కాదు."

"నేనే వస్తున్నాను నానమ్మా. మేడమ్ ఒకటి అన్నారు" అంది మణిమాల.

వచ్చి చెప్పిందేమిటంటే, ఆ చెవి ఎవరిదో తను చెప్పేశాక ఛాయ మేడమ్ స్మృతి నగర్ రికార్డింగ్ మొత్తం వింది. దూది దగ్గరకొచ్చేసరికి నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత ఆ కొట్టేసిన పేజీలు మళ్ళీ తీయించింది. రష్యా గురించి పెద్దవాళ్ళు ఏమన్నారో చాలా పుస్తకాల్లో దొరుకుతుంది, భిలాయ్‌లో మామూలు మనుషులు ఏమనుకున్నారో, ఆ మాట షిఫ్టు నుంచి షిఫ్టుకి ఎలా నడిచి నిజమై కూర్చుందో ఎక్కడా దొరకదు, అది రాయి అంది. అయితే ఒక మెలిక. ఎవరి దగ్గర మొదలైందో రాయాలి. మనిషి ఒప్పుకుంటే పేరు, లేదంటే 'ఒక కార్మికుడు' అని.

"ఏటని రాస్తావు? సదువు" అన్నాడు నూకరాజు మంచం మీద గోడవైపు తిరిగే.

మణిమాల హిందీలో రాసుకున్నది తెలుగులోకి తిప్పుకుంటూ చదివింది. "ఈ మాటకి రష్యన్ల దగ్గర ఏ ఆధారమూ దొరకలేదు. దొరికినంతవరకు ఇది రైల్ మిల్లు ఫస్ట్ షిఫ్టులో పైల నూకరాజు అనే కార్మికుడి దగ్గర మొదలై, నైట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టుల మీదుగా తిరిగి ఆయన దగ్గరికే చేరింది. ఆయన దాన్ని రుజువుగా తీసుకున్నాడు."

"అంతే గాలికబుర్లు పుట్టించినోడు ఈడే అని అచ్చేస్తారన్నమాట" అంది పోలమ్మ. "వొద్దమ్మా. ఒక కార్మికుడని రాసీ. ఈ వయసులో ఈ పరువు తక్కువేటి?"

నూకరాజు లేచి కూర్చున్నాడు. ఆలోచించాడు. అంతసేపు ఆలోచించడం తనెప్పుడూ చూడలేదని పోలమ్మే తర్వాత అంది.

"ఎవుడో కార్మికుడంతే ఆడెవుడో అబద్దాలకోరనుకుంతారు. నాను అబద్దవాడనేదు, లెక్క తప్పినాను. కుక్కర్లు నిజం, నిట్టూర్పు నిజం. పేరు రాసీ. ఇంటిపేరుతోనే రాయి. కానీ ఒక ముక్క తక్కువైనాది."

"ఏంటి తాతా?"

"ఆ మాట ఎక్కడ పుట్టినాదో యెతికి పట్టుకున్నోడు కూడా ఆ నూకరాజే అని రాయి."

మణిమాల తల పైకెత్తింది. అడ్రస్ అడిగింది తను, స్కూటీ నడిపింది తను, ఎండలో స్మృతి నగర్ సందులన్నీ తిరిగింది తను. అయినా కలం తీసుకుని రాసింది.

పుస్తకం తయారై రావడానికి నెలన్నర పట్టింది. నీలం అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు. తన పేరున్న పేజీలో నూకరాజు అగరొత్తుల పెట్టె అట్టముక్క గుర్తుగా పెట్టుకున్నాడు. ఎవరికి చూపించినా ఆ పేజీ తానే తీసి చూపిస్తాడు, ముందు పేజీలు తిప్పనివ్వడు. మోకాలు నొప్పి ఆ రోజుతో పోయింది.

పోయిందిగానీ దాని స్థానంలో ఇంకో జబ్బు పట్టుకుంది. ఇప్పుడు చాయ్ బండి దగ్గర ఎవడైనా నోరు తెరిస్తే చాలు, "ఎవులు సెప్పినారు? ఆడికెలాగ తెలుసు? ఆడికాడ ఇనకుండా ఇంకెవులికి తెలుసు?" అని అడ్డం పడతాడు. ఫలానా దేశం ఫలానా దేశం మీద బాంబులు వేసిందని ఫోన్‌లో వీడియో చూపిస్తే, "ఎవుడు తీసినాడు? ఎప్పుడు తీసినాడు? అది వీడియో గేమ్ కాదని ఏటి నమ్మకం?" అంటాడు. ఒకసారి అది నిజంగానే వీడియో గేమ్ అని తేలింది. ఇంక పట్టలేకపోయాం. చింతపండు రేటు పెరిగిందని పోలమ్మ అన్నా, వేరే దుకాణంలో అడిగావా అంటున్నాడు. కబుర్లు చప్పబడిపోయాయని గణపతిరావు నా దగ్గరే వాపోయాడు. "సెప్పినప్పుడూ బాధే, సెప్పనప్పుడూ బాధే, ఇప్పుడడుగుతా ఉంటే ఇంకా బాధ" అన్నాడు.

మొన్న గురువారం పొద్దున్న చాయ్ బండి దగ్గర గణపతిరావే మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గొంతు తగ్గించి మరీ.

"బావా, ఇన్నావేటి? మీ మనవరాలి పుస్తకం రష్యా ఎల్లినాదంట. మాస్కోలో సదువుతన్నారంట. నీ పేరున్న పేజీ."

నూకరాజు గ్లాసు దించాడు. అలవాటు ప్రకారం వేలు లేచింది. "నీకెవులు సెప్పినారు?"

"కూరగాయలమ్మీ ఛత్తీస్‌గఢీ దీదీ నేదూ, ఆవిడ."

"ఆవిడికెవులు సెప్పినారు?"

"మీ వీధిలో కుళాయి కాడ ఎవులో ఆడోలు అనుకుంతన్నారంట. ఒక్కలేటి బావా, క్యాంపంతా అంతన్నారు. పాలోడూ అంతన్నాడు."

ఆ మాట మొదట ఎవరన్నారో నాకు తెలుసు. బుధవారం నీళ్ళొచ్చే వేళ కుళాయి దగ్గర పోలమ్మ వెనక బిందెతో నిలబడ్డది నేనే. కూరగాయల దీదీ బుట్ట దించుకుని, మీ ఆయన మళ్ళీ చాయ్ బండి దగ్గర కూర్చుంటున్నాడా అనడిగితే, పోలమ్మ బిందె ఎత్తుకుంటూ, వెనక్కి కూడా తిరక్కుండా, "కూర్సోడేటి మరి? రష్యాలో సదువుతన్నారమ్మా ఆయన పేరు" అని వెళ్ళిపోయింది.

మా వీధిలో కుళాయి ఉన్నది నూకరాజు ఇంటి ఎదురుగానే. నీళ్ళొచ్చే వేళకి తన ఇంట్లోంచి బిందె తీసుకుని వెళ్ళేది ఎవరో ఆయనకి తెలియని సంగతి కాదు. ఇంకొక్క ప్రశ్న అడిగితే దారి తిన్నగా తన ఇంటి వంటగదిలోకి వెళ్తుంది. వేలు అలాగే కాసేపు గాల్లో ఉండిపోయింది. గణపతిరావు ఆ వేలుకేసి చూస్తున్నాడు. చాయ్ బండివాడూ చూస్తున్నాడు.

నూకరాజు వేలు దించి జేబులో పెట్టాడు. జేబులోంచి ఇంకో దూది ఉండ తీశాడు. ఖాళీగా ఉన్న కుడి చెవిలో దాన్ని శుభ్రంగా కుక్కుకున్నాడు.

"ఏటో బావా, ఈయాల సరిగ్గా ఇనబడ్డం నేదు" అన్నాడు. "చాయ్ సెప్పు. రెండు."